పాటల పుస్తకమా, పోస్ట్‌కార్డా, ఆర్టిస్ట్ బుక్కా: పాత కాగితాలు పోగెయ్యాలనుకుంటే దేనితో మొదలెట్టాలి

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, డిసెంబర్లో వస్తున్నా, ఈసారి నేనూ నీలాగా కాగితాలు పోగెయ్యడం మొదలెడదామనుకుంటున్నా, 20 వేలు పక్కన పెట్టుకున్నా, ఆర్టిస్ట్ బుక్సా, పాత పిక్చర్ పోస్ట్‌కార్డులా, నువ్వు దాస్తావే ఆ సినిమా పాటల పుస్తకాలూ కరపత్రాలూ అవా, దేనితో మొదలెట్టమంటావ్" అన్నాడు. ఫోన్లో తేలే సంగతి కాదు. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కలిసే కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నేను 18 ఏళ్లుగా మూడూ కొన్నాను, మూడిట్లోనూ డబ్బు పోగొట్టుకున్నాను, మూడూ ఇష్టమే. ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం తెలుగువాళ్లకి మూడోదే చెప్తాను, పాటల పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు, చిన్న చిన్న ప్రెస్సుల్లో అచ్చైన కవిత్వం, అలాంటివి. ఎందుకంటే మిగతా రెండింటినీ దాచేవాళ్లు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉన్నారు, మ్యూజియంలు ఉన్నాయి, డీలర్లు ఉన్నారు. తెనాలిలో 1960లో అచ్చైన ఒక కరపత్రాన్ని దాచేవాడు ఎవడూ లేడు, అది మన చేతికి రాకపోతే పాత పేపర్లవాడి తక్కెడలోకి పోతుంది. అయితే ఇది అందరికీ సరిపడదు, ఓపిక, టైం, ఇంట్లో చోటు, ఊళ్లో గాలి తేమ, ఇవన్నీ చూసుకోవాలి.

ఆర్టిస్ట్ బుక్ సంగతి ముందు. చాలామంది బొమ్మల గురించి రాసిన పుస్తకం అనుకుంటారు. ఇక్కడ పుస్తకమే బొమ్మ అన్నమాట, కాగితం, మడత, కుట్టు, ఇంకు, పేజీ తిప్పితే ఏం కనపడాలి, ఇవన్నీ కలిపి ఆర్టిస్ట్ ఊహించిన వస్తువు. మనకి దగ్గర్లో దొరికే మంచి ఉదాహరణ చెన్నై తారా బుక్స్ వాళ్లవి. 2006లో వచ్చిన వాళ్ల 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' నా దగ్గరుంది, భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి అనే ముగ్గురు గోండు చిత్రకారులు వేసిన చెట్లు, నల్లటి చేతి కాగితం మీద స్క్రీన్ ప్రింట్. పేజీ మీద వేలు పెట్టి మెల్లగా జరిపితే ఇంకు ఉన్నచోట కాస్త ఎత్తుగా తగులుతుంది, మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతా ఇది చేయిస్తాను (చేతులు కడుక్కున్నాకే). కొత్తగా తెరిచినప్పుడు ఇంకు వాసన గది నిండా వస్తుంది. ప్రతి కాపీకీ చేత్తో వేసిన నంబర్ ఉంటుంది, చేతి పని కాబట్టి ఒక కాపీలో రంగు కొంచెం చిక్కగా, ఇంకోదాంట్లో పల్చగా పడుతుంది, అది లోపం అనుకోకండి.

ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ చేసినవి ఇంకో దారి. 2017లో వచ్చిన 'మ్యూజియం భవన్'లో అకార్డియన్‌లా విప్పుకునే చిన్న ఫొటో పుస్తకాలు ఒక పెట్టెలో ఉంటాయి, విప్పి టేబుల్ మీద నిలబెడితే చిన్న ఎగ్జిబిషన్ అయిపోతుంది. ఇలాంటివాటిలో సుఖం ఏంటంటే అనుమానం ఉండదు. ఎన్ని కాపీలు వేశారో తెలుసు, ఎవరు చేశారో తెలుసు, కొత్తది కొంటున్నావు కాబట్టి చెద లేదు, మరక లేదు, నకిలీ భయం లేదు. కష్టం కూడా అక్కడే ఉంది, వెతుక్కునే పని లేదు, డబ్బుంటే చాలు. మంచివి మూడు నాలుగు కొంటే 20 వేలు ఆవిరి. పైగా పబ్లిషర్ విలువైందని ముందే తేల్చి పెట్టినదాన్నే నువ్వు కొంటున్నావు. నాకైతే సంవత్సరానికి ఒకటి చాలు.

ఇప్పుడు పోస్ట్‌కార్డులు. ప్రపంచంలో మొదటి పోస్ట్‌కార్డు 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది, మన దేశంలో 1879 జూలై 1న, ధర పావు అణా, అంటే మన పెద్దవాళ్లు కానీ అనేవాళ్లే, అది. ఇవి బొమ్మ లేని సాదా కార్డులు. బొమ్మ ఉన్న పిక్చర్ పోస్ట్‌కార్డులు తర్వాత వచ్చాయి, వాటికి మంచి రోజులు 1900 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా. రవివర్మ బొమ్మలు కార్డుల మీద కూడా వచ్చాయి, 1894లో ముంబైలో మొదలై తర్వాత లోనావాలా దగ్గరకి మారిన ఆయన ప్రెస్సు వల్లే మన ఇళ్లల్లో లక్ష్మీ సరస్వతుల ముఖాలు అలా స్థిరపడ్డాయి. మన వైపు దొరికేవి ఎక్కువ సికింద్రాబాద్ కంటోన్మెంట్, చార్మినార్, గోల్కొండ, వాల్తేరు బీచ్, మద్రాసు వీధులు. ఎక్కువగా ఇంగ్లిష్ దొరలు, సిపాయిలు ఇంటికి రాసుకున్నవి, అందుకే ఇవాళ హైదరాబాద్ కార్డు హైదరాబాద్‌లో కన్నా ఇంగ్లండ్ డీలర్ల డబ్బాల్లో ఎక్కువ దొరుకుతుంది. డల్లాస్‌లో ఉండి కొనడానికి ఇదే సులువు, ఇది మాత్రం ఒప్పుకోవాలి.

నేను మోసపోయింది కూడా ఇక్కడే. ఆన్‌లైన్లో ఒకతను 1910 నాటి చార్మినార్ కార్డు అని పెడితే 3,500 పెట్టి కొన్నాను, వచ్చాక లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) పెట్టి చూస్తే నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా, ఈమధ్య క్యాలెండర్ ఎలా ఉంటుందో అలాగే కనిపించాయి. చుక్కలున్నంత మాత్రాన నకిలీ అని కాదు, బొమ్మని చుక్కలుగా విడగొట్టి అచ్చేసిన పాత హాఫ్‌టోన్ కార్డుల్లో కూడా చుక్కలు ఉంటాయి, కొలోటైప్ అనే ఇంకో పాత అచ్చు పద్ధతి అయితే చుక్కల బదులు సన్నటి ముడతల్లాంటి గరుకు ఉంటుంది, అసలు ఫొటో కార్డైతే ఏ చుక్కా ఉండదు, నునుపుగా నలుపు నుంచి తెలుపుకి కలిసిపోతుంది. ఇంకా నమ్మకంగా తేలాలంటే చిన్న యూవీ టార్చ్ కొనుక్కోండి, నోట్లు చూసుకునేది, రెండు మూడొందలు. 1950ల నుంచి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది, 1910 కాగితం అలా మెరవకూడదు. నా కార్డు ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. డబ్బులు తిరిగి రాలేదు, ఆ కార్డుని ఇప్పటికీ కొత్తవాళ్లకి చూపించడానికి ఉంచాను.

వాడిన కార్డా వాడనిదా అంటే నేను ఎప్పుడూ వాడిందే కొంటాను. డీలర్లు వాడనిదానికి ఎక్కువ చెప్తారు, కానీ వెనక పోస్టాఫీసు ముద్ర ఉంటే తేదీ దొరికినట్టే. బొమ్మ లేని సాదా కార్డులైతే మన ఇళ్లల్లోనే కట్టలు కట్టలు ఉంటాయి, ఊచకి గుచ్చి దూలానికి వేలాడదీసేవాళ్లు గుర్తుందా, ఆ చిల్లు మధ్యలో ఉంటుంది, చిల్లు ఉందని పారెయ్యకండి. "ఉభయకుశలోపరి" అని మొదలెట్టి, చోటు చాలక అంచుల వెంబడి నిలువుగా తిప్పి రాసి, చివరికి అడ్రస్ పక్కన కూడా ఒక లైన్ ఇరికించిన కార్డు ముక్క నా దగ్గర ఒకటుంది, వడ్ల ధర, ఆవు ఈనిన సంగతి, పిల్ల సంబంధం, మూడూ ఆ 14 సెంటీమీటర్ల కార్డులో పట్టాయి. దానికి నేనిచ్చింది 10 రూపాయలు.

ఇక నా మనసున్న చోటు. పాటల పుస్తకం అంటే ఈ కాలం పిల్లలకి చెప్పాలి. తెలుగు టాకీ మొదలైంది 1932లో, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు సినిమా హాలు బయట, ఇంటర్వెల్లో, రైల్లో, తిరనాళ్లలో అణాకీ బేడకీ అమ్మిన పల్చటి పుస్తకాలు. ఎనిమిదో పదహారో పేజీలు, న్యూస్‌ప్రింట్, మధ్యలో ఒకటో రెండో స్టేపుల్ పిన్నులు. అట్ట మీద రెండు రంగుల బ్లాకు, ఎరుపూ నీలం సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడక హీరోయిన్ పెదాలు బుగ్గ మీదికి జరిగి ఉంటాయి. లోపల నటీనటుల పేర్లు, కథా సంగ్రహం, సరిగ్గా అసలు మలుపు దగ్గర ఆపేసి మిగతాది వెండితెర మీద చూడమంటారు. తర్వాత పాటలు. నా దగ్గరున్న ఒకదాంట్లో ఎవరో పెన్సిల్‌తో పాటల్ని దిద్దారు, అచ్చులో ఉన్న మాటకీ సినిమాలో పాడినదానికీ తేడా ఉంటే గీత కొట్టి పైన సరైన మాట రాశారు, అంటే ఆ మనిషి పుస్తకం చేత్తో పట్టుకుని చీకట్లో కూర్చుని విన్నారో, లేక రెండోసారి వెళ్లి విన్నారో. ఒక చరణం పక్కన టిక్కు, ఇంకో చరణం పక్కన "మా అమ్మాయికి నేర్పాలి". పేరు లేదు. 18 ఏళ్లలో నేను కొన్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అది, పాత పుస్తకాల కట్టలో కలిపి 40 రూపాయలకి వచ్చింది.

వీటి తేదీ పట్టుకోవడం నేర్చుకుంటే సరదా పదింతలు అవుతుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది అనుకోవచ్చు, అప్పుడే దశాంశ నాణేలు వచ్చాయి. "న.పై." అంటే నయా పైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్య, ఆ తర్వాత "నయా" తీసేశారు. అడ్రస్‌లో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది, అంతకుముందు మద్రాసు-17 అంటే టి.నగర్, మద్రాసు-26 అంటే వడపళని, చివరి రెండంకెలే. "ఆంధ్ర రాష్ట్రం" అని ఉంటే 1953 అక్టోబర్‌కీ 1956 నవంబర్‌కీ మధ్యది కావడానికే అవకాశం ఎక్కువ. హాలు కరపత్రాల్లో అయితే నేల, బెంచీ, కుర్చీ టికెట్ రేట్లు ఉంటాయి, గులాబీ రంగో పసుపో పల్చటి కాగితం, జట్కాలోంచి మైకు అరుస్తూ గాల్లోకి విసిరితే మేం పరిగెత్తి ఏరుకున్నవే.

ఇంకోటి, ఏ కాగితమైనా అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటుంది చూడండి. అది ప్రెస్సువాళ్లు గొప్పకి వేసుకున్నది అనుకునేవాణ్ణి, కానీ 1867 నాటి ప్రెస్సుల చట్టం (2024లో దాని బదులు కొత్తది వచ్చింది) ప్రకారం అచ్చేసిన కాగితం మీద ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సి ఉండేది. ఆ లైను వల్లే మీ ఊళ్లో ఎన్ని ట్రెడిల్ మెషీన్లు (కాలితో తొక్కి అచ్చేసేవి) నడిచాయో, ఏ వీధిలో నడిచాయో ఇవాళ మళ్లీ పోగు చెయ్యొచ్చు. నేను తెనాలి ప్రెస్సుల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను, శుభలేఖల అడుగు చూసే ఇప్పటికి 31 అయ్యాయి.

శుభలేఖలంటే గుర్తొచ్చింది. నాలుగు మూలలా పసుపు పెట్టి పంపిస్తారు కాబట్టి జనం పారెయ్యరు, దేవుడి గూట్లోనో బీరువాలోనో ఉంచుతారు, 50 ఏళ్లైనా దొరుకుతాయి. అదే దశదిన కర్మ కార్డులు, అశుభం కబురు తెచ్చిన కార్డులు చదవగానే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచకూడదని. అందుకే పెళ్లిళ్ల చరిత్ర పెట్టెల నిండా ఉంది, చావుల చరిత్ర దాదాపు లేదు. ఎక్కడైనా కర్మ కార్డు దొరికితే నేను ఆలోచించకుండా తీసుకుంటాను. ఇంట్లోవాళ్లకి ఇష్టం ఉండదు, నిజమే, విడిగా ఆఫీసు గదిలో పెట్టుకుంటాను.

చిన్న ప్రెస్సు కవిత్వం మీద ఆసక్తి ఉంటే అది ఇంకో లోకం. తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల మూడు సంపుటాలు 1965, 66, 68ల్లో వచ్చాయి, మొదటిదాన్ని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. తర్వాత ఎన్ని పునర్ముద్రణలు వచ్చినా ఆ మొదటి ప్రతుల్ని చేతిలోకి తీసుకుంటే వేరే సంగతి, చవక కాగితం, ఆ అచ్చు, వాళ్ల దగ్గర డబ్బు ఎంతుందో వాళ్ల కోపం ఎంతుందో రెండూ కనిపిస్తాయి. కాకపోతే వీటికి ఇప్పుడు డిమాండ్ ఉంది, ఫుట్‌పాత్ మీద అదృష్టం ఉంటే తప్ప దొరకవు. దొరికినప్పుడు వెనక అట్ట, ముద్రణ పేజీ చూసుకోండి, పునర్ముద్రణకి మొదటి ముద్రణ రేటు చెప్పేవాళ్లున్నారు.

దాచే విషయంలో మూడిటికీ తేడా చాలా ఉంది, చాలామంది దీన్ని చివర ఆలోచిస్తారు, మొదట ఆలోచించాలి. ఆర్టిస్ట్ బుక్‌కి మంచి కాగితం, పత్తితో చేసినది, వందేళ్లైనా ఉంటుంది, పడుకోబెట్టి పెడితే చాలు. పోస్ట్‌కార్డు దళసరి, కవర్లో వేసి షూ బాక్సులో నిలబెడితే వెయ్యి కార్డులు ఒక అరలో పడతాయి. చోటు తక్కువున్న ఫ్లాట్ వాళ్లకి పోస్ట్‌కార్డే సరి. పాటల పుస్తకం మాత్రం పుట్టుకతోనే రోగిష్టిది. న్యూస్‌ప్రింట్‌లో చెక్క పిప్పి అలాగే ఉంటుంది, వెలుతురు తగిలితే పసుపు, తర్వాత గోధుమ రంగు, తర్వాత అప్పడంలా విరుగుతుంది. పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి, పిన్నుని లాగకండి, వెనక కాళ్లు మెల్లగా పైకెత్తి తియ్యండి, తర్వాత తెల్ల నూలు దారంతో ఆ రంధ్రాల్లోంచే ఒక కుట్టు వెయ్యండి. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలు వద్దు. వాసన కొట్టే మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లు వద్దు, నావి 12 శుభలేఖలు అందులో అతుక్కుపోయి బంగారు రంగు అక్షరాలు కవరుకి వచ్చేశాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు వాడండి. పాత బైండింగ్‌లో మైదా జిగురు ఉంటే పురుగు వెతుక్కుంటూ వస్తుంది, మన బైండర్లు అందుకే మైదా ఉడకలో మైలుతుత్తం కలిపేవాళ్లు.

కోస్తాలో ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్త, విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం అయ్యేసరికి బూజు. పల్లంలో, గ్రౌండ్ ఫ్లోర్లో పెట్టకండి. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అంత జాగ్రత్తగా చూసుకున్న ఉర్దూ పుస్తకాల భండారమే 2000 ఆగస్టు వరదల్లో నీట మునిగింది, మన ఇంటి అల్మరా ఎంత. నా పెట్టెలన్నీ నేలకి రెండడుగుల ఎత్తున ఉంటాయి, ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల పెడతాను.

మళ్లీ అమ్మితే డబ్బు వస్తుందా అని అడుగుతారు. ఆర్టిస్ట్ బుక్‌కి రావచ్చు, ప్రింట్ అయిపోయిన ఎడిషన్ అయితే. మంచి పోస్ట్‌కార్డుకి వస్తుంది, కొనేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. పాటల పుస్తకాల్లో పెద్ద హీరోల సినిమాలవి తప్ప మిగతావి అమ్ముడుపోవు, శుభలేఖలు అసలే పోవు. డబ్బు కోసమైతే మూడోదాని జోలికి రావద్దు, నిజాయితీగా చెప్తున్నా.

విదేశాలకి పట్టుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువులకే అనుకుంటారు, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు, డాక్యుమెంట్లకైతే 75 ఏళ్లే. కాబట్టి 75 ఏళ్లు దాటిన కాగితాలు ఇక్కడే ఎవరి దగ్గరైనా ఉంచి స్కాన్లు పట్టుకెళ్లడం మంచిది.

అయితే ఎవరు ఏది తీసుకోవాలి అంటే, ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి, తిరిగే టైం లేదు, సంవత్సరానికి ఒకటి రెండు కొంటే తృప్తి అనుకునేవాళ్లు ఆర్టిస్ట్ బుక్స్. ఒక ఊరు పాత రోజుల్లో ఎలా ఉండేదో కళ్లతో చూడాలి, విదేశంలో ఉంటాం, ఆన్‌లైన్లో కొంటాం అనుకుంటే పోస్ట్‌కార్డులు, లూప్, యూవీ టార్చ్ ముందు కొనుక్కుని. ఆదివారం పొద్దున్నే అబిడ్స్‌లో మోకాళ్ల మీద కూర్చుని కట్టలు విప్పే ఓపికుంటే, దుమ్ముకి తుమ్ములు రాకపోతే, చుట్టాల ఇళ్లకెళ్లి అటక మీద ఏముందని అడగడానికి మొహమాటం లేకపోతే మూడోది. మూడోది తీసుకునేవాళ్లు అన్నీ పోగెయ్యకండి, ఒక ఊరో ఒక ప్రెస్సో ఒక పదేళ్లో పెట్టుకోండి. నేను మొదటి నాలుగేళ్లు కనపడిందల్లా కొన్నాను, అందులో సగం ఎందుకు కొన్నానో ఇవాళ చెప్పలేను. ముందొకసారి వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి రండి, 1918 నుంచి ఉన్న లైబ్రరీ, పాత పత్రికలు చూశాక ఏ కాలం మీద మనసు పడుతుందో మీకే తెలుస్తుంది.

మావాడికి చెప్పేది ఇది. 20 వేలల్లో 2 వేలు ఒక తారా పుస్తకానికి, 5 వేలు తెలిసిన డీలర్ దగ్గర రెండో మూడో సికింద్రాబాద్ కార్డులకి, అవి నేను చూశాకే. 3 వేలు పెట్టెలకీ కవర్లకీ. మిగతా 10 వేలు ముట్టుకోవద్దు, తెనాలిలో అమ్మమ్మ ఇనప్పెట్టె ఇంకా తెరవలేదు, తాళం మీ అమ్మ దగ్గరుంది, అందులో 1961లో మీ అమ్మమ్మ పెళ్లి శుభలేఖ ఒకటి కచ్చితంగా ఉంటుంది, మిగతావి ఏమున్నాయో నాకూ తెలీదు, నువ్వొచ్చాకే తెరుద్దాం. వచ్చేప్పుడు అక్కడ కామిక్ పుస్తకాలకి వాడే కవర్లు ఒక 200 పట్టుకురా, ప్యాకెట్ మీద పాలీప్రొపిలీన్ అని రాసుందో లేదో చూసి మరీ.